నోట పిల్లలను దాచు చేప

నేను మీ యీడు బాలుడనై యుండగా, అనగా 1970వ సంవత్సర ప్రాంతమున, మా యూరి చెరువులో వేసవియందు వలలు లాగుట యొక పండుగవలె జరుగుచుండెను. చెరువును వేలములో పాడుకొనిన బెస్తవారు తెల్లవారకముందే నీట దిగుదురు. ఎండ యెక్కునప్పటికి బొచ్చెలు, శీలావతులు, ఎర్రమోసులు తట్టల కెక్కును. ఊరివారు గట్టుమీద నిలిచి బేరము లాడుచుందురు. ఒక యేట వల మిక్కిలి బరువుగా వచ్చెను. నలుగురు లాగవలసిన త్రాళ్లను పదిమంది పట్టిరి. పిల్లల మందరము కేకలు వేసితిమి. తీరా వలను గట్టున పరచి చూడగా, అందున్నవన్నియు అరచేతి యంతకు మించని నల్లని చేపలు. అవి వేలకొలదిగా ఎగిరిపడుచుండెను. వాని నడుమ బొచ్చెలు పదియైనను లేవు. వృద్ధుడైన బెస్త యొకడు తలపాగ విప్పి ముఖము తుడుచుకొనుచు, “వల నిండింది గాని కడుపు నిండదు బాబూ!” అనెను.

ఆ చేప పేరు తిలాపియా యని నాకు తెలిసినది చాల కాలము తరువాత. తమిళదేశమున దానిని జిలేబి కెండై యందురు. మన సంతలలో కొన్నిచోట్ల జిలేబి చేప యనియు పిలుతురు. ఒకప్పుడు దీనిని పెంచవలదని మనదేశమున ఆంక్ష విధించిరి. నేడు ప్రభుత్వసంస్థలే దీని పిల్లలను పుట్టించి రైతుల కిచ్చుచున్నవి. ఒకే చేపను గూర్చి పెద్దలు రెండు విధములుగా ఏల పలికిరో తెలియవలె నన్నచో దాని పుట్టుపూర్వోత్తరములు కొంత తెలిసికొనవలెను.

తిలాపియా జాతుల పుట్టినిల్లు ఆఫ్రికాఖండము. నైలునదియందు పెరుగు జాతిని శాస్త్రజ్ఞులు ఓరియోక్రోమిస్ నైలోటికస్ అనియు, ఆగ్నేయ ఆఫ్రికాలోని మొజాంబిక్ ప్రాంతపు జాతిని ఓరియోక్రోమిస్ మొసాంబికస్ అనియు వ్యవహరింతురు. మొదటిదానిని నైలు తిలాపియా యనియు, రెండవదానిని మొజాంబిక్ తిలాపియా యనియు మనము పిలుచుకొందము. ప్రాచీన ఈజిప్టువారు తమ సమాధుల గోడలమీద, తామరలు విరిసిన కొలనులో ఈదుచున్న యీ చేపను చిత్రించిరి. నెబామున్ అను ఉద్యోగి సమాధినుండి తెచ్చిన అట్టి చిత్ర మొకటి లండను నగరమునందలి బ్రిటిష్ మ్యూజియములో నున్నది. అది దాదాపు 3,400 సంవత్సరముల నాటిది. ఇక తిలాపియా యను పేరును 1840లో ఆండ్రూ స్మిత్ అను శాస్త్రజ్ఞుడు పెట్టెను. దక్షిణాఫ్రికాలోని త్స్వానా భాషయందు చేపను చెప్పు మాటయే దానికి మూలమందురు. చేపకు చేప యనియే పేరు పెట్టినట్లయినది!

ఈ చేప సంతానమును పెంచు విధము మిక్కిలి వింతయైనది. మగచేప చెరువు అడుగున మూతితో మట్టిని తొలచి, పళ్లెమువంటి గుంటను చేసి, దానికి కాపలా కాయుచుండును. ఆడుచేప వచ్చి ఆ గుంటలో గ్రుడ్లుపెట్టి, వెంటనే వానిని తన నోటిలోనికి తీసికొనును. ఒక్కొక్క తూరి వందలకొలది గ్రుడ్లుండును. నోటిలోనే గ్రుడ్లు పగులును. నోటిలోనే పిల్లలు కొంత బలపడును. ఇందుకు సుమారు పది పండ్రెండు దినములు పట్టును. అన్ని దినములును తల్లి మేత ముట్టదు. పిల్లలను వెలుపలికి విడిచిన పిమ్మట కూడ వాని చెంతనే తిరుగుచుండును. ఏ కప్పయో, నీటిపామో కనబడగానే పిల్లలన్నియు గుంపుగా పరుగెత్తి మరల తల్లి నోట దూరును. బొచ్చెయైనచో వరదకాలమున లక్షలకొలది గ్రుడ్లు నీట విడిచి తన దారిని తాను పోవును. ఆ లక్షలలో పెరిగి పెద్దవగునవి కొద్ది మాత్రమే. తిలాపియా గ్రుడ్లు కొన్ని వందలే యైనను, తల్లి కాపాడుటచేత అందు పెక్కు బ్రదుకును.

ఈ వింతయే తరువాతి చిక్కులకెల్ల మూలము.

మొజాంబిక్ తిలాపియా ఆఫ్రికానుండి జావాద్వీపమున కెట్లు చేరెనో గాని, 1930 తరువాతి దశాబ్దమున అచట సముద్రతీరపు కయ్యలో ముజయిర్ అను గ్రామస్థునకు దొరికెను. ఆయన దానిని మంచినీటి గుంటలో పెంచి చూచెను, బ్రదికెను. ఇండోనేసియావారు నేటికిని ఈ చేపను ఆయన పేరిట ముజయిర్ అనియే పిలుతురు. అచటినుండి తూర్పు దేశములన్నిటికిని ఇది ప్రాకెను. మనదేశమునకు వచ్చినది 1952లో.

ఆ కాలమున దీనిని ఏల తెచ్చిరో మీకు తెలియవలెను. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు మన చెరువులలో పెరుగునే గాని, నిలుకడ నీటిలో గ్రుడ్లు పెట్టవు. చెరువు రైతు నదులలో పట్టిన చేపపిల్లలను కొని తెచ్చుకొనవలసి యుండెను. వాగునీటితోబాటు ఏ జాతి పిల్లలు వచ్చునో ఎవరికిని తెలియదు. తిలాపియా యన్ననో ఏ గుంటలోనైనను తానే పిల్లలను పెట్టును. నాచును, తవుడును, పేడవేసిన నీటిలో పుట్టు సూక్ష్మజీవులను తిని బ్రదుకును. ఉప్పునీరైనను, మురికినీరైనను ఓర్చుకొనును. పేదవానికి ఇంతకంటె మేలైన చేప యేది? అని నాటివారు తలచిరి. వారి తలపు తప్పని నే ననజాలను.

అయితే మూడునెలల వయస్సు నిండీ నిండకముందే మొజాంబిక్ తిలాపియా ఈనుట ప్రారంభించును. నెలకో, నెలన్నరకో మరల ఈనును. ఒక యేడు గడచునప్పటికి చెరువులో తల్లులు, బిడ్డలు, మనుమలు, మునిమనుమలు కలిసి ఉన్న కొద్ది మేతకై పెనుగులాడుచుందురు. ఏ చేపకును చాలినంత తిండి దొరకదు. దొరకిన తిండిని దేహము పెంచుకొనుటకు గాక గ్రుడ్లు కట్టుటకే వినియోగించుటచేత చేపలు గిడసబారిపోవును. మా చెరువులో నేను చూచిన అరచేతిచేపలు పిల్లలు కావు, అవి పెద్దవే. అవి అంతకుమించి పెరుగజాలకపోయెను. మరియు, అవి బొచ్చె మొదలైన వాని మేతను కూడ తినివేసెను. రాజస్థానమునందలి జైసమంద్ సరస్సున తిలాపియా ప్రబలిన పిమ్మట మన దేశవాళి చేపల సగటు తూకము తగ్గిపోయినట్లు కనుగొనిరి. తమిళదేశపు జలాశయములు కొన్నింటిలో వలకు వచ్చు చేపలలో అధికభాగము ఇదియే యయ్యెను. 1959లో మత్స్యపరిశోధక సంఘము దీని వ్యాప్తిని ఆపవలెనని నిర్ణయించెను. అప్పటికి 1957లో హీరాలాల్ చౌధురి యను శాస్త్రజ్ఞుడు సూదిమందుచేత మన చేపలను చెరువులలోనే ఈనునట్లు చేసియుండెను. ఆ కారణమున తిలాపియా అవసరము కొంత తగ్గెను. కాని చెరువులో పడిన చేప కాగితముమీది యాజ్ఞను చదువునా? మా యూరి చెరువే ఇందుకు సాక్ష్యము.

కథ ఇంతటితో ముగిసిన, నేను ఈ పాఠము వ్రాయ పనిలేదు. తప్పు చేపదా, పెంచిన విధానముదా అని ఇతరదేశములలో కొందరు ఆలోచించిరి. 1988లో ఫిలిప్పీన్సు దేశమున ఒక అంతర్జాతీయ మత్స్యపరిశోధనాలయమువారు మొజాంబిక్ జాతిని విడిచి, దానికంటె పెద్దదిగా పెరుగు నైలు తిలాపియాను ఎన్నుకొనిరి. ఈజిప్టు, ఘనా, కెన్యా, సెనెగల్ దేశములనుండి చేపలను తెచ్చిరి. ఆసియాలో అప్పటికే పెంచుచున్న నాలుగు రకములను వానితో కలిపిరి. ప్రతి తరమునందును వేగముగా పెరిగిన చేపలను మాత్రమే విత్తనమునకు ఉంచిరి. మన రైతు కళ్లములో మేలైన వెన్నులను ఏరి, మరుసటి యేటి విత్తనమునకు దాచుకొనుట లేదా? ఇదియు అట్టిదే. ఒక జీవిలోని గుణమును మరియొక జీవిలో చొప్పించు పని ఇందులేదు. అయిదారు తరములు గడచునప్పటికి ఆ చేప మొదటి దానికంటె సుమారు 85 పాళ్లు మిన్నగా పెరుగజొచ్చెను. మెరుగుపరచిన పెంపకపు తిలాపియా యను నర్థమిచ్చు ఆంగ్లపదముల తొలియక్షరములు కూర్చి దానికి గిఫ్ట్ అని పేరిడిరి.

ఈ చేపను పేదదేశముల రైతులకు అందించు పనిలో మన తెలుగువాడొకరు ముఖ్యులై యుండిరి. ఆయన పేరు మోదడుగు విజయ్ గుప్తా. 1939లో బాపట్లలో జన్మించిరి. బంగ్లాదేశమున రోడ్డుప్రక్క గుంటలలోను, వానకాలమున మాత్రమే నీరుండు మడుగులలోను చేపలు పెంచుట ఎట్లో పేదస్త్రీలకు నేర్పి, వారి యిండ్ల అన్నమునకు చేపకూర తోడుచేసిరి. 2005లో వారికి ప్రపంచ ఆహార బహుమతియు, 2023లో పద్మశ్రీయు లభించెను. నేడు నూరు దేశములకు పైగా తిలాపియాను పెంచుచున్నారు. ప్రపంచమున ఏటా పెంచుచున్నది 60 లక్షల టన్నులకు పైమాటయే. అందు చైనా, ఇండోనేసియా, ఈజిప్టు దేశములు ముందున్నవి. మన కృష్ణాజిల్లాలోని మణికొండలో గిఫ్ట్ తిలాపియా విత్తనకేంద్రము వెలసినది.

మరి పిల్లలు పుట్టి చెరువు నిండిపోవు చిక్కు తీరినదెట్లు? మగచేపలను మాత్రమే పెంచుటచేత. పిల్లలు నోటినుండి వెలువడిన తొలి మూడు నాలుగు వారములు వాని మేతలో పురుష హార్మోనును అతిస్వల్పముగా కలుపుదురు. అందుచేత దాదాపు అన్నియు మగవియే యగును. మగచేప గ్రుడ్లు కట్టదు గనుక తిన్నదంతయు కండయగును. అయిదారు నెలలలో అరకిలో తూగును. ఆ హార్మోను చేపలో నిలిచియుండునేమో యని శంక కలుగవచ్చును. అది కొలది వారములలోనే దేహమునుండి తొలగిపోవును. చేప మన పళ్లెమునకు వచ్చునది అటుపిమ్మట ఎన్నో నెలలకు. ఆ మందును చేతితో కలుపు పనివారును, ఆ తొట్ల నీటిని వెలుపలికి విడుచువారును మాత్రము జాగరూకులై యుండవలెను.

పెంపకమునకు ఇరువదియైదు మొదలు ముప్పది డిగ్రీల సెంటీగ్రేడు వెచ్చదనముగల నీరు అనుకూలము. పది పదకొండు డిగ్రీలకు దిగినచో చేప బ్రదుకదు. మన డెల్టాలలో ఆ భయము లేదు. భయమంతయు తెల్లవారుజామున. రాత్రియందు నాచుకూడ ప్రాణవాయువును పీల్చుటచేత వేకువకు నీటిలో అది తరిగిపోవును. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరచుచున్నచో రైతు పరుగున పోయి నీటిని చిలుకు యంత్రమును తిప్పవలెను. ఇంకొక కాపలా కలదు; అది రైతు లాభముకొరకు గాక ఊరికొరకు. నీరు పోవు తూముకు సన్నని జల్లెడలు కట్టవలెను. కొంగలు చేపను పట్టి మరియొక చెరువులో జారవిడువకుండ పైన వల పరువవలెను. వరదకు తెగని గట్టు వేయవలెను. వరదలు వచ్చు పల్లపుచోట్ల ఈ చేపను పెంచనే కూడదు. తిలాపియాను పెంచుటకు అనుమతి నిచ్చునప్పుడు ప్రభుత్వమువారు ఇట్టి నియమములనే విధించిరి. వానిని పాటింపని రైతు తన చెరువును మాత్రమే గాక, ప్రక్క కాలువపై బ్రదుకు బెస్తవాని వలను కూడ పాడుచేయుచున్నాడు. గంగా, యమున, కృష్ణా, గోదావరి, కావేరి నదులలో నేడు తిలాపియా కనబడుచున్నది. అది తనంత తాను నడచిపోలేదు గదా!

ఇక తినుట గూర్చి. నేను ఉద్యోగము విరమించుటకు కొలది దినముల ముందు ఎనిమిదవ తరగతి బాలిక యొకతె లేచి, “మాస్టారూ! ఆ చేప తింటే క్యాన్సరు వస్తుందటగా?” అని అడిగెను. ఎవరు చెప్పిరమ్మా యని అడుగగా, “మా పిన్ని ఫోనులో వచ్చిందండీ” అనెను. ఆ మాట నిజము కాదు. అయినను ఈ చేపకు చెడ్డపేరు ఎట్లు వచ్చెనో చూడుడు. 2008లో అమెరికాలో కొందరు పరిశోధకులు, పెంపకపు తిలాపియాలో ఒమేగా-3 అను మేలైన కొవ్వు తక్కువగాను, ఒమేగా-6 అను మరియొక కొవ్వు ఎక్కువగాను ఉన్నదని ప్రకటించిరి. అది చేతులు మారి, పందికొవ్వుకంటె తిలాపియా చెడ్డదను మాటగా మారెను. పెక్కుమంది శాస్త్రజ్ఞులు అది తగదని వెంటనే ఖండించిరి. లెక్క చూడుడు: నూరు గ్రాముల పచ్చి తిలాపియా మాంసములో మాంసకృత్తులు సుమారు 20 గ్రాములు, కొవ్వంతయు కలిపి రెండు గ్రాములకు లోపు. కొవ్వే కొంచెమైనప్పుడు అందలి పాళ్లను బట్టి భయపడనేల? ఒమేగా-3 కావలసినవారు వారమున కొకనాడు కానాగంతలు తినవచ్చును. మరియు, పెద్ద సముద్రపు చేపలలో చేరు పాదరసము తిలాపియాలో మిక్కిలి తక్కువ. అది చిన్న వయస్సుననే పట్టుబడుట, ఇతర చేపలను వేటాడి తినకపోవుట అందుకు కారణములు.

నిజమైన అపాయము వేరొకచోట నున్నది. దానిని ఎవరును ఫోనులలో పంపరు. ఇతరచేపలు చచ్చు నీటిలో తిలాపియా బ్రదుకును. అందుచేత అది బ్రదికియున్నంత మాత్రమున నీరు మంచిదని తలంపరాదు. పట్టణపు మురుగుకాలువలలోను, కర్మాగారముల వ్యర్థజలము చేరు చెరువులలోను ఇది పుష్కలముగా దొరకును, చవుకగాను అమ్మబడును. ఆ నీటిలోని లోహములు, విషములు దాని దేహమున చేరును. ఎంత ఉడికించినను సూక్ష్మక్రిములు చచ్చును గాని సీసము చావదు. కావున చేప ఎచటిదని అడుగుట కొనువాని హక్కు, సిగ్గుపడ పనిలేదు. తాజా చేప కన్ను ఉబ్బి నిగనిగలాడును. మొప్ప ఎర్రగా నుండును. వ్రేలితో నొక్కిన గుంట వెంటనే పూడును. కొన్నిచోట్ల చేప చెడకుండ ఫార్మలిన్ అను విషద్రవము చల్లుట 2018లో బయటపడెను. దానిని కనిపెట్టుటకు కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక పరిశోధనాలయమువారు రంగు మారు కాగితపు ముక్కలను తయారుచేసిరి.

వంట విషయము మీ అమ్మగారికి నాకంటె బాగుగ తెలియును. అయినను ఒక్క సంగతి చెప్పక మానలేను. చెరువుచేపను, అందును తిలాపియాను, తినుటకు వెనుదీయువారు చెప్పు కారణము మట్టివాసన. అది మట్టి కాదు. నీటిలోని ఒకజాతి నీలినాచును, కొన్ని సూక్ష్మజీవులును పుట్టించు జియోస్మిన్ అను పదార్థము చేప కండలో చేరుటచేత ఆ వాసన కలుగును. తొలకరి వాన పడినప్పుడు నేలనుండి లేచు కమ్మని వాసనయు దానిదే! వానలో ప్రీతి గొలుపునది కూరలో రోత పుట్టించును. తెలిసిన రైతు చేపను అమ్ముటకు ముందు కొన్నిదినములు మేత మాన్పి, తేటనీటిలో ఉంచును; వాసన చాలవరకు పోవును. మిగిలినదానికి మన వంటింటిలోనే మందు కలదు. పులుపు తగిలినచో జియోస్మిన్ విరిగి, వాసనలేని వేరొక పదార్థముగ మారును. చింతపండు పులుసులో చేపను వండుమని మన ముత్తవ్వలకు ఏ రసాయనశాస్త్రము నేర్పినది?

తిలాపియా వీపున ముండ్లరెక్క పదునుగా నుండును. ముందు దానిని కత్తిరింపవలెను. పొలుసు గీరి, పొట్టలోని నల్లని పొరను తుడిచివేసి, ఉప్పు, పసుపు, నిమ్మరసము పట్టించి పావుగంట యుంచి కడుగవలెను. చట్టిలో నూనె కాగిన పిమ్మట మెంతులు, పచ్చిమిరపకాయలు, ఉల్లిముద్ద వేసి వేచి, కారము, ధనియాలపొడి, ఉప్పు చేర్చి, నిమ్మకాయంత చింతపండు పులుసు పోయవలెను. పులుసు తెరలిన తరువాతనే ముక్కలను విడువవలెను. బొచ్చె కండవలె ఈ కండ గట్టిది కాదు. గరిటె పెట్టిన చిదిసిపోవును. చట్టిని గుడ్డతో పట్టుకొని మెల్లగా త్రిప్పుటయే పద్ధతి. పది పదిహేను నిమిషములకు కండ తెల్లబారి, వ్రేలితో తాకిన పొరలుగా విడును, అప్పుడు ఉడికినట్లు. బొచ్చెలో వలె కండనడుమ సన్నని చీలికముండ్లు ఇందు లేవు గావున చిన్నపిల్లలకు పెట్టుటకు అనువైనది.

మా యింట చేపలపులుసు సాయంకాలము వండి, కొంత మరునాటికి దాచుట వాడుక. రాత్రి చల్లారిన పిదప శీతలపేటికలో నుంచి, ఉదయమున మరల తెరలునట్లు కాచి వడ్డింతురు. అప్పటికి పులుపును కారమును ముక్క లోపలికంటె దిగియుండును. మొన్న సంక్రాంతి సెలవులలో వచ్చిన నా మనుమడు ఆ పులుసుతో రెండుమారులు అన్నము కలుపుకొని తిని, ఇది ఏ చేప తాతగారూ యని అడిగెను. చెప్పితిని. మణికొండ విత్తనము తెచ్చి మా బంధువొకడు జల్లెడ కట్టిన చెరువులో పెంచిన తిలాపియా యది. తూకము 600 గ్రాములు.